మగవాళ్ళు తప్పుకున్నది ఎప్పుడు? చిక్కబళ్ళాపుర సీమలో కుటుంబ నియంత్రణ

దక్షిణాదిలో మగవాళ్ళు కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు ఎందుకు రారని అడిగితే, డాక్టర్ల నుంచి పత్రికల దాకా ఒకటే జవాబు వస్తుంది: ఎమర్జెన్సీ. 1975–77 మధ్య మగవాళ్ళను పట్టుకెళ్ళి బలవంతాన ఆపరేషన్లు చేశారనీ, ఆ భయం ఇంకా పోలేదనీ, అందుకే భారమంతా ఆడవాళ్ళ మీద పడిందనీ అంటారు. ఉత్తరప్రదేశ్, హర్యానా, ఢిల్లీల విషయంలో ఈ మాటలో చాలా నిజం ఉండవచ్చు. చిక్కబళ్ళాపుర, బాగేపల్లి, చింతామణి ప్రాంతానికీ, సరిహద్దు అవతలి హిందూపురం, మదనపల్లె వైపుకీ దాన్ని అలాగే అతికించడం తప్పు. మగవాళ్ళు తప్పుకోవడం ఎమర్జెన్సీకి ముందే మొదలైంది. దానికి కారణాలు పోలీసు జీపుల్లో కన్నా ప్రసూతి వార్డుల్లోనూ, మన ఇళ్ళలోనూ ఎక్కువగా దొరుకుతాయి.

ఈ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. 2007 దాకా ఇది కోలారు జిల్లాలో భాగం, అంతకుముందు మైసూరు సంస్థానం. బడి, ఆఫీసు, ఆసుపత్రి గోడ మీది రాత కన్నడం; చాలా ఇళ్ళలో మాట తెలుగు. చింతామణి తాలూకా కైవారంలో నారాయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పాడు. బాగేపల్లి దాటి హైదరాబాదు రోడ్డు మీద కాస్త దూరం పోతే ఆంధ్ర వచ్చేస్తుంది. పెళ్ళి సంబంధాలు, మేనరికాలు, మొక్కులు, సినిమాలు గీతకు రెండువైపులా ఒకటే. చట్టాలు మాత్రం వేరు. ఏది చట్టం వల్ల జరిగింది, ఏది జనం అలవాటు వల్ల జరిగింది అని విడదీసి చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

మైసూరు గురించి గర్వంగా చెప్పుకొనే మొదటి ఘట్టం 1930 నాటిది. మీర్జా ఇస్మాయిల్ దివానుగా ఉండగా, బెంగళూరు, మైసూరు పెద్దాసుపత్రుల్లో సంతాన నిరోధక క్లినిక్కులు తెరవమని సంస్థానం ఉత్తర్వు ఇచ్చింది. ప్రపంచంలో ఒక ప్రభుత్వం ఈ పని చేయడం అదే మొదలని రాస్తుంటారు. గొప్ప సంగతే. అయితే ఆ క్లినిక్కులు ఉన్నది రెండు నగరాల్లో. గుడిబండ కొండ కింద రాగి చేలో కలుపు తీసే మనిషికి వాటితో పనిపడలేదు. 1952లో దేశం మొత్తానికీ కుటుంబ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. అప్పటి ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్‌కు గాంధీజీ చెప్పిన నిగ్రహానికి దగ్గరగా ఉన్న పద్ధతే ఇష్టం. అందుకే మైసూరు రాష్ట్రంలోని రామనగరంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో, నెలలో క్షేమమైన రోజులు లెక్కపెట్టుకోమని ఆడవాళ్ళకు రంగుపూసల దండలు ఇచ్చారు. అది ఫలించలేదు. ఆ రోజుల్లోనే ఐక్యరాజ్య సమితి, భారత ప్రభుత్వం కలిసి చేసిన మైసూరు జనాభా అధ్యయనం మాత్రం చాలా విలువైనది. పల్లెవాళ్ళకు పిల్లలు ఎంతమంది ఉన్నా చాలరని నగరంలో అనుకుంటుండగా, ముగ్గురు నలుగురు ఉన్నవాళ్ళలో చాలామంది ఇక వద్దనే అనుకుంటున్నారని, ఎలా ఆపాలో తెలియకనే ఉన్నారని అది చూపించింది.

1965లో లూపు వచ్చింది, 1968లో నిరోధ్ వచ్చింది, గోడల మీద ఎర్ర త్రికోణం వచ్చింది. లూపు వేయించుకున్నవాళ్ళలో కొందరికి రక్తస్రావం ఎక్కువై, మంచీచెడూ చూసే దిక్కు లేక, ఆ పద్ధతికి చెడ్డపేరు వచ్చింది. ఈ దశలన్నీ తెలిసినవే. వివాదమున్నది ఆ తరువాతి ఏడెనిమిదేళ్ళ గురించి.

1970 తరువాత వాసెక్టమీ క్యాంపుల కాలం నడిచింది. కేరళలో ఎర్నాకుళం క్యాంపు 1971 జులైలో ఒక్క నెలలో అరవై వేలకు పైగా మగవాళ్ళకు ఆపరేషన్ చేసి దేశమంతటికీ నమూనా అయింది. 1972–73లో దేశంలో జరిగిన సుమారు 31 లక్షల ఆపరేషన్లలో 26 లక్షలు మగవాళ్ళవే. డబ్బు ఇచ్చారు కాబట్టి వచ్చారు అంటారు. నిజమే. కానీ వచ్చారు. మగవాడు కత్తికి ఒప్పుకోడన్నది మన సంస్కృతిలోనే ఉందని చెప్పేవాళ్ళు ఈ సంవత్సరాన్ని దాటవేస్తారు.

1973లో ఆ పెద్ద క్యాంపులు ఆగిపోయాయి, పారితోషికం తగ్గింది. 1973–74లో వాసెక్టమీలు 4 లక్షలకు పడిపోయాయి. ఆడవాళ్ళ ఆపరేషన్లు 5 లక్షల 39 వేలు. మరుసటి ఏడాది మగవాళ్ళు 6 లక్షల 12 వేలు, ఆడవాళ్ళు 7 లక్షల 42 వేలు. అంటే ఎమర్జెన్సీకి రెండేళ్ళ ముందే తక్కెడ ఆడవాళ్ళ వైపు ఒరిగింది. 1976–77లో ప్రభుత్వం బలం ఉపయోగించి దాన్ని వెనక్కి లాగింది: 62 లక్షల వాసెక్టమీలు, 20 లక్షలకు పైగా ట్యూబెక్టమీలు. ఆ బలం తీసేసిన 1977–78లో మగవాళ్ళు 1 లక్షా 88 వేలకు దిగారు. ఆడవాళ్ళు 7 లక్షల 61 వేల దగ్గర, అంటే 1974–75లో ఉన్నచోటే నిలిచారు. ఎమర్జెన్సీని మధ్యనుంచి తీసేసి చూసినా ఈ గీత పోతున్న దిక్కు మారదు.

ఈ అంకెలు దేశం మొత్తానివి, ఒక్క కోలారు జిల్లావి కావు. అందుకని రాజకీయ సాక్ష్యం కూడా చూడాలి. 1977 మార్చి ఎన్నికల్లో ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. ఆపరేషన్ల మీది కోపం అందులో పెద్ద పాలే. కర్ణాటకలో 28 స్థానాలకు 26, ఆంధ్రప్రదేశ్‌లో 42కు 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. కొత్తగా ఏర్పడిన చిక్కబళ్ళాపుర లోక్‌సభ స్థానం కూడా ఆ 26లో ఒకటి. మరుసటి ఏడాది ఇందిరాగాంధీ మళ్ళీ పార్లమెంటుకు వెళ్ళింది కర్ణాటకలోని చిక్కమగళూరు నుంచే. కోత భయంతో మగజాతి మొత్తం బెదిరిపోయిన చోట కనబడే ఓటు కాదిది.

ఇక్కడ నన్ను నేను అదుపులో పెట్టుకోవాలి. ఓటు ఒక్క విషయం మీద పడదు. అప్పటి ముఖ్యమంత్రి దేవరాజ్ అరసు భూసంస్కరణ కౌలుదారుకు భూమి ఇచ్చింది. వెట్టి చాకిరీ రద్దయింది. అప్పులు మాఫీ అయ్యాయి. జీతానికి కుదిరి ఏళ్ళ తరబడి రెడ్ల ఇళ్ళల్లో, గౌడ్ల ఇళ్ళల్లో బతికిన కుటుంబాలు కాంగ్రెస్‌కు ఓటు వేసినంత మాత్రాన ఆపరేషన్ బల్లను ఆమోదించినట్టు కాదు. టార్గెట్ల ఒత్తిడి ఇక్కడి గుమాస్తా మీదా, టీచరు మీదా ఉంది. ఆ ఒత్తిడి చివరికి పేదవాడి మీదే దిగింది. నేను చెప్పేది ఇంతవరకే: దక్షిణాదిన తిరుగుబాటు ఓటు లేదు, అయినా మగవాళ్ళ ఆపరేషన్లు ఉత్తరాదిలాగే మాయమయ్యాయి. కోపం ఉన్నచోటా లేనిచోటా ఫలితం ఒకటే అయినప్పుడు కోపమొక్కటే కారణం కాలేదు.

మరి కారణమేమిటి? 1969లో ప్రసూతి ఆసుపత్రులకు అనుబంధంగా కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. కాన్పుకు వచ్చిన మనిషి మంచం మీదే ఉంటుంది. అడగడం తేలిక, ఒప్పించడం తేలిక, లెక్క చూపడం తేలిక. 1970ల చివర లాపరోస్కోపీ వచ్చాక అది ఇంకా తేలికైంది. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగేది నర్సమ్మ, ఆమె మాట్లాడగలిగేది ఆడవాళ్ళతో. 1977 తరువాత కార్యక్రమం పేరు కుటుంబ సంక్షేమమైంది. మగవాడి దగ్గరికి పోవడానికి ఏ అధికారికీ ధైర్యం చాలలేదు, అవసరం కూడా కలగలేదు. ఎమర్జెన్సీ ప్రభావం నిజంగా ఉన్నదంటే ఇక్కడ ఉంది: భయపడ్డది పల్లెటూరి మగవాడి కన్నా ఎక్కువగా ప్రభుత్వ యంత్రాంగం.

ఇళ్ళలో జవాబు ముందే సిద్ధంగా ఉంది. బరువులెత్తలేడు, నీరసపడతాడు, సంపాదించేవాడికి ఏమన్నా అయితే ఇల్లెట్లా. ఈ మాట భార్యలు అంటారు, అత్తలు అంటారు. శిడ్లఘట్ట, చింతామణి వైపు మల్బరీ ఆకుమూట నెత్తిన పెట్టుకొని వచ్చేది ఎవరు? ఎండాకాలం ట్యాంకరు దగ్గర నుంచి బిందెలు మోసేది ఎవరు? 1990లలో కోత లేని వాసెక్టమీ వచ్చింది. నిమిషాల పని, పొట్ట తెరవక్కరలేదు. మగవాడికిచ్చే పారితోషికం ఎక్కువ చేశారు. 2007లో కేంద్రం మగవాళ్ళకు 1,100 రూపాయలు, ఆడవాళ్ళకు 600 అని నిర్ణయించింది. 1972లో పనిచేసిన డబ్బు ఇప్పుడు పనిచేయలేదు. మధ్య మూడున్నర దశాబ్దాల్లో ఇది ఆడవాళ్ళ పని అని ఆసుపత్రే జనానికి నేర్పింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలో 57.4 శాతం, ఆంధ్రలో 69.6 శాతం వివాహిత స్త్రీలు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. మగవాళ్ళు ఆంధ్రలో 0.4 శాతం. కర్ణాటకలో 0.0.

చట్టం సంగతి సరిహద్దులో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 1994 పంచాయతీరాజ్ చట్టంతో ఆంధ్రలో ఇద్దరికన్నా ఎక్కువమంది పిల్లలున్నవాళ్ళను స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హుల్ని చేశారు. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం జనాభా విధానం ప్రకటించి ఆపరేషన్లను ఉద్యమంలా నడిపింది. కర్ణాటక పంచాయతీల్లో ఆ ఇద్దరి నిబంధన లేదు. 2024 దాకా చిలమత్తూరులో వార్డు మెంబరు పదవికి పనికిరానివాడు బాగేపల్లి తాలూకాలో గ్రామ పంచాయతీ అధ్యక్షుడు కాగలిగేవాడు. ఫలితం? అదే 2019–21 సర్వేలో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య రెండు రాష్ట్రాల్లోనూ 1.7. అనర్హత చట్టమే కుటుంబాలను చిన్నవి చేసిందనేవాళ్ళు ఈ అంకె ముందు కాసేపు ఆగాలి. బోర్లు ఎండిపోయిన మెట్టభూమి, పంచుకోగా మిగిలిన ఎకరమో అరెకరమో, ఇంగ్లిష్ మీడియం ఫీజులు, బెంగళూరు ఉద్యోగాల ఆశ రెండువైపులా ఒకటే. జనం ఆలోచించింది వాటి గురించి.

లైంగిక విద్య విషయంలో మనం పోగొట్టుకున్నది ఎక్కువ. హేతువాదం ఈ సీమకు కొత్తది కాదు. గౌరిబిదనూరు తాలూకాలో పుట్టిన హెచ్. నరసింహయ్య బెంగళూరు విశ్వవిద్యాలయ వైస్ చాన్స్‌లర్‌గా మహిమలను పరీక్షకు పెట్టిన మనిషి. ఆయన నడిపిన విద్యాసంస్థ గౌరిబిదనూరులోనూ బాగేపల్లిలోనూ కాలేజీలు పెట్టింది. అయినా కౌమార విద్య పాఠాలను 2007లో ఆపేసిన రాష్ట్రాల్లో కర్ణాటక ఒకటి. వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009లో బడుల్లో లైంగిక విద్య వద్దనే చెప్పింది. ఆంధ్రలో డాక్టర్ సమరం పత్రికల్లో ఏళ్ళ తరబడి ఓపికగా జవాబులు రాసి కొంత ఖాళీ పూడ్చారు. చిక్కబళ్ళాపుర పిల్లలకు అదీ దొరకలేదు: ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదివేది కన్నడం లేదా ఇంగ్లిష్. బడి చెప్పలేదు, ఇల్లు చెప్పదు. ఇప్పుడు ఫోను చెబుతోంది, ఎలా చెబుతోందో పెద్దలకు తెలుసు.

దీనికి మూల్యం చెల్లించేది పెళ్ళయిన పిల్ల. అదే సర్వేలో 20–24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకుండా పెళ్ళయినవాళ్ళు కర్ణాటకలో 21.3 శాతం, ఆంధ్రలో 29.3. చాలా ఇళ్ళలో కథ ఇలా నడుస్తుంది: తొందరగా పెళ్ళి, ఏడాది తిరక్కుండా కాన్పు, ఇంకో కాన్పు, ఇరవై అయిదు నిండకముందే ఆపరేషన్. ఎడం పాటించే పద్ధతి ఏదీ ఆమె జీవితంలోకి రాదు. మాత్రలు, కాపర్-టీ, మూణ్ణెల్లకోసారి వేసే అంతర ఇంజెక్షను ప్రభుత్వమే ఇస్తున్నా వాటి గురించి ఎవరూ ఆమెను కూర్చోబెట్టి చెప్పరు. 2014లో బిలాస్‌పూర్ ట్యూబెక్టమీ క్యాంపులో ఆడవాళ్ళు చనిపోయాకే, 2016లో సుప్రీంకోర్టు ఈ క్యాంపులను మూడేళ్ళలో ఎత్తివేయమన్నది.

2024లో గాలి మళ్ళింది. ఆంధ్ర అసెంబ్లీ ఇద్దరి నిబంధనను రద్దు చేసింది. అది నేను స్వాగతిస్తాను, ఎప్పుడో చేయవలసింది. కానీ దాంతోపాటు ఎక్కువమంది పిల్లల్ని కనాలన్న పిలుపు ముఖ్యమంత్రి నోటినుంచే వచ్చింది. దాని వెనుక వృద్ధుల సంఖ్య గురించిన దిగులు ఉంది, లోక్‌సభ స్థానాలు తగ్గుతాయన్న భయమూ ఉంది. ఆ భయం న్యాయమైనదే. జనాభా తగ్గించిన రాష్ట్రాలు నష్టపోకూడదని 1976లో, అదే ఎమర్జెన్సీలో, 42వ సవరణతో సీట్ల లెక్కను స్తంభింపజేశారు. 84వ సవరణ దాన్ని 2026 తరువాతి జనాభా లెక్కల దాకా పొడిగించింది. ఆ అన్యాయాన్ని పార్లమెంటులో పరిష్కరించాలి. ఇరవై మూడేళ్ళకు ఆపరేషన్ చేయించిన మనిషి కూతురితో ఇప్పుడు ముగ్గుర్ని కనమనడం పరిష్కారం కాదు. వద్దన్నప్పుడు ఆమెను అడగలేదు, కావాలన్నప్పుడూ అడగడం లేదు.

మగవాళ్ళతో మాట్లాడే చోటు ఈ తాలూకాల్లో లేదనడానికి వీల్లేదు. బాగేపల్లి 1994లోనూ 2004లోనూ సీపీఎం శాసనసభ్యుణ్ణి గెలిపించిన ఊరు. కూలీ సంఘాలు, రైతు సంఘాలు ఇక్కడ గట్టివి. పొద్దున్నే పాల డెయిరీ దగ్గర, శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టులో వందల మంది మగవాళ్ళు నిలబడి ఉంటారు. ఆరోగ్య శాఖ మగ కార్యకర్తలను అక్కడికి పంపి, తెలుగులో చెప్పించి, తాలూకా ఆసుపత్రిలో వారానికి ఒక రోజు వాసెక్టమీకి డాక్టరును ఉంచితే, ఆ 0.0 ఎంతవరకు కదులుతుందో రెండు మూడేళ్ళలోనే తేలుతుంది.