అరుపులో అక్షరం: శంషాబాద్ నోటీసు, కాటి సీను, ఒక మెటల్‌కోర్ ఆల్బం

2024 నవంబర్ 15న శంషాబాద్ విమానాశ్రయం పక్కనున్న జీఎంఆర్ అరీనాలో పంజాబీ గాయకుడు దిల్జిత్ దొసాంజ్ కచేరీ జరిగింది. దానికి కొద్ది రోజుల ముందు రంగారెడ్డి జిల్లా మహిళా శిశు సంక్షేమ అధికారి నుంచి ఒక నోటీసు వెలువడింది. చండీగఢ్‌లో ఉండే ఒక అధ్యాపకుడి ఫిర్యాదు, ఆయన జతచేసిన పాత కచేరీల వీడియోలు దానికి ఆధారం. మద్యాన్ని, మత్తుమందుల్ని, హింసను ప్రోత్సహించే పాటలు పాడవద్దని, పిల్లల్ని వేదిక ఎక్కించవద్దని అందులో ఉంది. పెద్దలు 140 డెసిబెల్స్, పిల్లలు 120 డెసిబెల్స్ మించిన శబ్దానికి గురికాకూడదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాన్ని కూడా ఉటంకించారు. ఆ రాత్రి గాయకుడు కొన్ని పాటల్లో మందు మాటల్ని మార్చి పాడాడు. రెండు రోజులకు అహ్మదాబాద్ వేదిక మీద, దేశమంతా మద్యనిషేధం పెడితే తానూ అలాంటి పాటలు మానేస్తానని సవాలు విసిరాడు. పత్రికలు ఆ సవాలు వెంటే పోయాయి. నోటీసును ఎవరూ సాహిత్య విమర్శగా చదవలేదు.

చదవాల్సింది. ఎందుకంటే అందులో ఒక సిద్ధాంతం ఉంది. పాటలోని మాట స్పీకరులోంచి నేరుగా చెవిలోకి, చెవిలోంచి నడవడికలోకి దిగుతుందని, ఆ మాట తీసేస్తే దాని ప్రభావమూ పోతుందని ఆ నోటీసు నమ్మకం. ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి పంజాబీ పాప్ కంటే గట్టి సరుకు మెటల్‌కోర్. అక్కడ మాట చెవికి సరిగ్గా అందదు. అయినా ఆ సంగీతం అభిమానుల్ని ఏం నచ్చిందని అడిగితే చాలామంది చెప్పే మొదటి సమాధానం సాహిత్యమనే. వినబడని మాటను ఇంతమంది ఇంతగా ఎలా ప్రేమిస్తున్నారన్నది ఈ వ్యాసం ప్రశ్న.

మెటల్‌కోర్ 1990ల అమెరికాలో హార్డ్‌కోర్ పంక్, హెవీ మెటల్ కలిసి పుట్టిన శాఖ. బోస్టన్ ప్రాంతపు కన్వర్జ్ బృందం 2001లో తెచ్చిన ‘జేన్ డో’, మసాచుసెట్స్‌కే చెందిన కిల్‌స్విచ్ ఎంగేజ్ 2002లో తెచ్చిన ‘అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్’ దానికి రెండు కొసలు. మొదటిదాంట్లో గొంతు దాదాపు మరో వాయిద్యం. ఆల్బంతో వచ్చే పాటల పుస్తకం దగ్గర పెట్టుకోకపోతే ఒక్క ముక్క అర్థం కాదు. రెండోదాంట్లో చరణాలు అరుపు, పల్లవి రాగం. తర్వాత వచ్చిన చాలా బృందాలు ఈ రెండో దారి పట్టాయి.

నిర్మాణాన్ని కాస్త దగ్గరగా చూడాలి. గిటారు తీగల శ్రుతిని బాగా కిందికి దించుతారు. అరచేతి అంచును తీగల మీద ఆనించి మీటుతారు కాబట్టి ధ్వని మోగకుండా దెబ్బలా పడుతుంది. డ్రమ్ముల్లో కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము అదే దెబ్బతో జత కడుతుంది. పాట నడిమికో చివరికో వచ్చేసరికి లయ ఒక్కసారి సగానికి పడిపోతుంది. దీన్ని బ్రేక్‌డౌన్ అంటారు. అది విరుచుకుపడే ముందు వాయిద్యాలు ఒక్క క్షణం ఆగుతాయి. ఆ ఖాళీలో గాయకుడు ఒకే ఒక్క వాక్యం అరుస్తాడు. పాట మొత్తంలో అత్యంత బరువైన వాక్యం సాధారణంగా అదే. కచేరీలో ఆ వాక్యాన్ని గాయకుడు ఒంటరిగా పలకడు. మైకు జనం వైపు తిరుగుతుంది, హాలంతా అరుస్తుంది. అంటే ఆ మాట వాళ్ళకు వేదిక మీంచి రావడం లేదు. వాళ్ళ దగ్గర ముందే ఉంది.

ఈ దృశ్యం తెలుగువాళ్ళకు కొత్త కాదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్రీయం’ ఆడేటప్పుడు కాటి సీనులో గుర్రం జాషువా శ్మశాన పద్యాలను కలిపి పాడటం ఆనవాయితీ అయింది. హార్మోనియం ముందు నిలబడి నటుడు ఒక్క పాదాన్ని రాగంతో సాగదీస్తుంటే మధ్యలో మాటలు కరిగిపోతాయి. పద్యం తెలియనివాడు అక్కడ కూర్చుంటే వాడికి దక్కేది దీర్ఘాలే. అయినా జనం వన్స్ మోర్ కొడతారు. నటుడు అదే పద్యం మళ్ళీ ఎత్తుకుంటాడు. శవం కాలే చోట నిలబడి రాజూ పేదా ఒకటేనని చెప్పే పద్యాలకు తిరునాళ్ళలో తెల్లవార్లూ ఈలలు వేసిన సమాజం మనది. ఆ జనంలో అక్షరం రానివాళ్ళు ఎందరో. పద్యం వాళ్ళకు గ్రామఫోను రికార్డుల నుంచో, పక్క ఊరి ప్రదర్శన నుంచో, అరుగు మీద పాడే పెద్దాయన నుంచో ముందే నోటికి వచ్చింది. నాటకం దగ్గరికి వాళ్ళు అర్థం తెలుసుకోవడానికి వెళ్ళలేదు, తెలిసిన అర్థం మోగుతుంటే వినడానికి వెళ్ళారు. మెటల్‌కోర్ అభిమాని చేసేదీ ఇదే పని. తేడా ఏమిటంటే మనవాళ్ళకు పద్యం చెవి ద్వారా అందింది. వీళ్ళకు సాహిత్యం కంటి ద్వారా, ఆల్బంతో వచ్చిన చిన్న పుస్తకం నుంచో ఫోను తెర నుంచో అందుతోంది. ఈ సంగీతం తన శ్రోతను పాఠకుడిగా మారుస్తోంది. మిగతా పాప్‌కు ఆ అవసరం లేదు.

‘లోతైన సాహిత్యం’ అన్న మాటకు అభిమానులు తరచూ ఉదాహరణగా చూపే ఆల్బం ఇంగ్లండులోని బ్రైటన్ నగరానికి చెందిన ఆర్కిటెక్ట్స్ బృందం 2018 నవంబర్ 9న విడుదల చేసిన ‘హోలీ హెల్’. దాని కథ అంతకు రెండేళ్ళ ముందు మొదలవుతుంది. బృందానికి ప్రధాన రచయిత, గిటారిస్టు టామ్ సర్ల్. డ్రమ్మర్ డాన్ సర్ల్ అతని కవల సోదరుడు. 2016 మే 27న వాళ్ళ ‘ఆల్ అవర్ గాడ్స్ హావ్ అబాండన్డ్ అస్’ వచ్చింది. మృత్యువు, నాశనం, దేవుడి మౌనం దాని సామగ్రి. ఆఖరి పాట ‘మెమెంటో మోరీ’లో తత్త్వవేత్త ఆలన్ వాట్స్ ప్రసంగపు ముక్క వినబడుతుంది. బయటి శ్రోతకు అవన్నీ ఈ శాఖలో మామూలుగా కనబడే ప్రళయ భాషలాగే తోచాయి. అదే ఏడాది ఆగస్టు 20న టామ్ చర్మ క్యాన్సరుతో చనిపోయాడు, 28 ఏళ్ళకు. మూడేళ్ళుగా అతను ఆ రోగంతోనే రాస్తూ, వాయిస్తూ, ఊళ్ళు తిరుగుతూ ఉన్నాడని అప్పుడు బయటికి వచ్చింది. ఆల్బంలో ఒక్క అక్షరం మారలేదు. కానీ ఆగస్టు 20 తర్వాత దాన్ని మునుపటిలా చదవడం ఎవరి వల్లా కాలేదు.

మన దగ్గర అలిశెట్టి ప్రభాకర్ విషయంలో జరిగిందీ ఇలాంటిదే. జగిత్యాల నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఫోటో స్టూడియోతో, చిన్న కవితలతో బతికి, క్షయతో 1993 జనవరి 12న పోయాడు. పుట్టిన తేదీ కూడా జనవరి 12. ‘మరణం నా చివరి చరణం కాదు’ అన్న అతని సంపుటి పేరును ఇవాళ ఏ పాఠకుడూ ఆ తేదీని పక్కన పెట్టి తలచుకోలేడు. ‘హోలీ హెల్’లో మొదటి పాట పేరు ‘డెత్ ఈజ్ నాట్ డిఫీట్’. జగిత్యాలకూ బ్రైటన్‌కూ చుట్టరికం కలపడం నా ఉద్దేశం కాదు. రచయిత చావు పాఠానికి వ్యాఖ్యానంగా మారడం ఏ సాహిత్య సమాజంలోనైనా జరుగుతుందని, మెటల్‌కోర్ అభిమానులు కూడా అలాంటి సమాజమేనని చెప్పడానికే ఈ పోలిక.

‘హోలీ హెల్’ సాహిత్యాన్ని రాసింది డాన్. ఇందులోని ‘డూమ్స్‌డే’ టామ్ మొదలుపెట్టి సగంలో వదిలేసిన పాట. మిగిలినవాళ్ళు పూర్తి చేసి 2017 సెప్టెంబరులోనే విడుదల చేశారు. అన్న పోయాడా తమ్ముడు పోయాడా అని విడదీయడానికి లేని కవల దుఃఖాన్ని 11 పాటలుగా పేర్చిన ఆల్బం ఇది. ‘హియరాఫ్టర్’, ‘మోర్టల్ ఆఫ్టర్ ఆల్’, ‘డైయింగ్ టు హీల్’ అని పాటల పేర్లు వరుసగా చదువుకుంటూ పోయినా కదలిక తెలుస్తుంది: చావు ఎదురుపడటం, కూలబడటం, దుఃఖం దాటాలంటే దాని నడుమ నుంచే నడవాలని గ్రహించడం. చివరి పాట ‘ఎ వేస్టెడ్ హిమ్’ ఓదార్పు దగ్గర కాదు, బతికి ఉండక తప్పదన్న ఒప్పుకోలు దగ్గర ఆగుతుంది. నా దృష్టిలో ఈ నిగ్రహమే ఆల్బం బలం. సంగీతపరంగా అంతకు ముందువాటి కంటే సాహసమేమీ లేదని అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ మాటతో నాకు పెద్ద పేచీ లేదు.

అలంకారశాస్త్రం వైపు నుంచి చూస్తే ఇక్కడ ఒక చిక్కు ఉంది. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణంలో రాముడి దుఃఖం రాముడిదిగా ఉండదు, చూసేవాడిదిగానూ ఉండదు. సొంతదారు లేని శోకంగా మారినప్పుడే సహృదయుడికి కరుణరసం. ‘హోలీ హెల్’ అభిమాని ముందు దీనికి ఎదురు నడుస్తాడు. టామ్ ఎవరు, డాన్ ఎవరు, ఏ పాట ఎప్పుడు రాశారు అని వివరాలన్నీ పోగుచేస్తాడు, శోకానికి సొంతదారును గట్టిగా నిలబెడతాడు. ఆ తర్వాతే తన ఇంట్లో జరిగిన చావును అక్కడ పెట్టుకుంటాడు. సామాన్యం నుంచి విశేషానికి, విశేషం నుంచి తన బతుక్కి: ఇది రెండు మజిలీల ప్రయాణం. కాటి సీనులో హరిశ్చంద్రుడి కథ అందరికీ తెలిసిందే కాబట్టి ఈ మొదటి మజిలీ అక్కర్లేకపోయింది. పురాణం లేని సంగీతం తన పురాణాన్ని సభ్యుల జీవితాల్లోంచి తోడుకోవాల్సి వస్తోంది.

అర్థం ఒక్కటే అంతా అంటే అబద్ధం అవుతుంది. ఆర్కిటెక్ట్స్ గాయకుడు శామ్ కార్టర్ పాటల మధ్య ‘బ్లెఘ్’ అని ఒక అరుపు వేస్తాడు. దానికి ఏ నిఘంటువులోనూ అర్థం లేదు. చావు గురించి పేజీలకు పేజీలు వ్యాఖ్యానం రాసే అభిమానులే ఆ అరుపు కోసం కాచుకుని కూర్చుంటారు. పద్య నాటకంలో ఆలాపనకు పడే ఈల, మాటకు పడే ఈల వేరువేరు అయినా వేసేది ఒకే ప్రేక్షకుడు. నిరర్థక ధ్వని మీద మోజు ఉన్నంత మాత్రాన సాహిత్యం మీద ప్రేమ నటన అయిపోదు.

ఇక హైదరాబాద్ సంగతి. ఇక్కడ మెటల్ బతికింది పబ్బుల్లో, కాలేజీ ఫెస్టుల్లో, అద్దె రిహార్సల్ గదుల్లో. విమానాశ్రయం పక్కని విశాలమైన అరీనాలు సినిమా సంగీతానికీ పంజాబీ తారలకూ నిండుతాయి గానీ దీనికి కాదు. అయినా ఈ నగరపు మూలాలున్న గాడ్‌లెస్ 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ తెచ్చి విదేశాల్లో కూడా గుర్తింపు పొందింది. అది డెత్ మెటల్. మెటల్‌కోర్ అని పొరపాటున అన్నారో, ఈ రెండు శాఖల అభిమానులూ కలిసి మిమ్మల్ని సరిదిద్దుతారు. శైవ వైష్ణవ భేదాలు కూడా ఇంత పట్టుదలగా ఉండవు. ఢిల్లీ బృందం బ్లడీవుడ్ ఇంకో దారిలో వెళ్ళింది. 2022 నాటి ‘రక్షక్’లో డోలు, హిందీ, పంజాబీ, ఇంగ్లీషు ర్యాప్ కలిపారు. అందులోని ‘జీ వీరే’ మానసిక కుంగుబాటు మీద పాట. దాని విడుదలతో పాటు శ్రోతలకు ఉచితంగా కౌన్సెలింగ్ ఏర్పాటు చేశారు. పాట మాట మనిషి మీద పనిచేస్తుందని శంషాబాద్ నోటీసు నమ్మినట్టే వాళ్ళూ నమ్మారు. తేడా ఏమిటంటే, పాట ఒక్కదాని వల్ల పని పూర్తి కాదని తెలిసి పక్కన మనిషిని కూర్చోబెట్టారు.

ఇప్పుడు నోటీసు దగ్గరికి. హింస అన్న పదం అందులో ఉంది. మెటల్‌కోర్ సాహిత్యాన్ని పదాల జాబితాగా చూస్తే ఆ నోటీసు కింద ఒక్క ఆల్బమూ మిగలదు. ‘హోలీ హెల్’ పేరులోనే నరకం ఉంది. అదే శామ్ కార్టర్ 2017 ఆగస్టులో నెదర్లాండ్స్‌లోని లోలాండ్స్ ఉత్సవంలో, జనం చేతుల మీదుగా వస్తున్న ఒక యువతి ఒంటి మీద ఎవడో చెయ్యి వేయడం చూసి, పాటల మధ్యలో ఆపి వాణ్ణి అందరి ముందూ కడిగేశాడు. వేదిక మీది భాషకూ వేదిక కింది నీతికీ లంకె ఎలాంటిదో పదాల జాబితాకు అందదు. దిల్జిత్ మాట మార్చి పాడాడే అనుకోండి, అసలు మాట నోటికి వచ్చిన వేలమందికి ఆ మార్పే అసలును గట్టిగా గుర్తుచేస్తుంది. కాటి సీనులో నటుడు ఒక పాదం మింగేస్తే ముందు వరుసవాళ్ళు అందించినట్టే ఇదీ.

నోటీసులో నిజంగా పట్టించుకోవాల్సిన భాగం డెసిబెల్స్. దాన్నే అందరూ దాటవేశారు. 140 డెసిబెల్స్ అంటే క్షణకాలపు శిఖరానికి పెట్టిన హద్దు. ఆ స్థాయి శబ్దం కావాలంటే కచేరీకి కాదు, పక్కనే రన్‌వే మీద జెట్ ఇంజను దగ్గరికి వెళ్ళాలి. చెవిని చెడగొట్టేది గంటల తరబడి సాగే సగటు శబ్దం. కచేరీల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రత్యేకంగా ప్రకటించిన ప్రమాణం ప్రకారం 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదు. శబ్దాన్ని కొలుస్తూ ఉండాలి. చెవుల్లో పెట్టుకునే బిరడాలు అందుబాటులో ఉంచాలి. చెవులకు విశ్రాంతినిచ్చే నిశ్శబ్దపు చోటు ఉండాలి. మెటల్ కచేరీలకు ఏళ్ళుగా వెళ్ళేవాళ్ళలో చాలామంది బిరడాలు జేబులో వేసుకునే వెళతారు. సాహిత్యం వాళ్ళకు ముందే వచ్చు కాబట్టి, బిరడాలు పెట్టుకున్నందువల్ల వాళ్ళకు పోయేదేమీ లేదు. మాట విషయంలో అతిగా భయపడిన నోటీసు, చెవి విషయంలో ఎవరూ చేరలేని హద్దు రాసి ఊరుకుంది.

తెలుగులో మెటల్‌కోర్ ఎందుకు నిలదొక్కుకోలేదన్న ప్రశ్నకు మార్కెట్ అన్నది సగం జవాబే. దెబ్బలా పడే గిటారుకు హల్లుతో తెగిపోయే పదాలు అతుకుతాయి. మన పదాలు అచ్చుతో సాగి రాగాన్ని కోరతాయి. పద్య నాటకం దాన్నే సొమ్ము చేసుకుంది. అయితే బ్రేక్‌డౌన్ ముందు వచ్చే ఆ ఖాళీకి కావలసింది సాగే అచ్చే. వాయిద్యాలు ఆగాక గొంతు ఒక్కటే గాలిలో నిలబడాల్సిన చోటు అది. ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు చరణాల్లో గిటారు పక్కన పెట్టి, దీర్ఘాంతమైన వాక్యాన్ని ఆ ఖాళీకి దాచుకుంటే ఛందస్సుపరంగా తెలుగుకు అడ్డేమీ కనబడదు. జాషువా పద్యపాదాన్ని కాటి సీను నటులు ఎక్కడ విరిచి ఎక్కడ సాగదీశారో పాత గ్రామఫోను రికార్డుల్లో వింటే, ఈ పద్ధతికి కావలసిన లెక్క చాలావరకు అక్కడే దొరుకుతుంది.