వాన తూనీగ

తడి నేలల మీద తూనీగలు నేలబారున ఎగిరితే వాన ఖాయమని తెలుగునాట పాత నమ్మకం. పసుపుపచ్చని ఒళ్లు, వెడల్పాటి వెనుక రెక్కలు ఉన్న వాన తూనీగకు 1798లో కీటక శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ ‘ఫ్లావెసెన్స్’ అని పేరు పెట్టాడు. 1930లలో మరో కీటక శాస్త్రవేత్త ఫ్రేజర్ భారత తూనీగల మీద మూడు సంపుటాలు వెలువరించాడు.

అసలు వింత తర్వాత బయటపడింది. నేల మీద మంచినీళ్లే అరుదైన మాల్దీవుల్లో ఏటా అక్టోబరులో వాన తూనీగలు గుంపులుగా దిగుతాయి. గాలివాలున భారత్ నుంచి తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయని 2009లో జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ ప్రతిపాదించాడు. పిల్లలు తోకకు దారం కట్టి ఆడుకునే పురుగుకు ఇంత సత్తా! గుడ్లు పెట్టడానికి దీనికి వాన గుంటైనా చాలు. రానూపోనూ 14,000 నుంచి 18,000 కిలోమీటర్లని ఆయన అంచనా; ఆ దారిని ఒక్క తూనీగ కాదు, నాలుగు తరాలు కలిసి పూర్తిచేస్తాయి.