దొరికిన రాజు, దొరకని రోజీ

తెలుగు పాఠాలు చెప్పే మీకు మూకీ సినిమాలతో పనేంటి సార్ అని మొన్న ఒక విద్యార్థి అడిగాడు. ఇదీ నా జవాబు.

1974లో పూనా ఫిల్మ్ ఆర్కైవ్‌కి కేరళ నుంచి ఒక మూకీ దొరికింది. పేరు ‘మార్తాండవర్మ’. సి.వి. రామన్ పిళ్ళై నవలే కథ: తిరువాన్కూరు గద్దె, కుట్రలు, కత్తులు, ప్రేమ. 1930ల మొదట్లో విడుదల కాగానే, నవల హక్కులున్న కమలాలయ బుక్ డిపో కోర్టుకెక్కింది. ప్రింటు వాళ్ల చేతికి పోయింది, దాదాపు నలభై ఏళ్లు అక్కడే పడి ఉంది. సినిమాను ఆపిన కేసే దాన్ని బతికించింది. అది ఒకరి ఆస్తి కదా!

అంతకు కొద్దికాలం ముందే త్రివేండ్రంలో ‘విగతకుమారన్’ ఆడింది. పులయ కులంలో పుట్టిన పి.కె. రోజీ అందులో నాయర్ స్త్రీగా నటించింది. అది ఓర్వలేక తెర మీద రాళ్లు వేశారు. ఆమె ఊరొదిలి పోయింది. ఆ సినిమా కూడా మిగల్లేదు.

రాజు కథకు తాళం వేసిన బీరువా ఉంది. రోజీ తరఫున కోర్టుకెక్కినవాళ్లు లేరు.

మీ వాడల్లో ఆడేవాళ్ల, పాడేవాళ్ల పేర్లు వాళ్లు బతికుండగానే రాసిపెట్టండి. మన బీరువా మనమే చేసుకోవాలి.