బాలింత గుండెదడ: నాడి నుంచి ఎకో దాకా

బాలింతకు గుండె దడదడలాడుతోందంటే పల్నాడు పల్లెల్లో పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటే: రక్తం పోయింది, నీరసం, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది. ఇవాళ నరసరావుపేటలోనో మాచర్లలోనో ఈసీజీ తీయించి, ఆ కాగితం మీద 'అబ్‌నార్మల్' అన్న ముక్క చూసి ఇంటిల్లిపాదీ అన్నం నీళ్లు మానేస్తారు. ఆ ధీమా వల్ల తల్లులు పోయిన సందర్భాలున్నాయి, ఈ భయం వల్ల ఆరోగ్యంగా ఉన్న తల్లులు నిద్రకు దూరమవుతున్నారు. గుండె వేగం ఎప్పుడూ తనంతట తాను జబ్బు పేరు చెప్పదు. దాని వెనకున్న కారణాన్ని వెతికే పని ఎలా మొదలై ఎంతదాకా వచ్చిందో తెలిస్తే రిపోర్టు చేతికొచ్చినప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది.

మన వైద్యులకు నాడి కొత్త కాదు. తెలుగునాట పుట్టిన బసవరాజీయం నాడీపరీక్షకు పెద్దపీట వేసింది. అంతకు ముందే శార్ఙ్గధరుడు వాతనాడి జలగలా పాములా, పిత్తనాడి కప్పలా, కఫనాడి హంసలా నడుస్తుందన్నాడు. చింత, భయం కూడా నాడి నడకను మారుస్తాయని గుర్తించాడు. అయితే ఆ వైద్యం చూసింది నాడి నడకను. నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందని లెక్కపెట్టడం వేరే సంగతి. 1707లో జాన్ ఫ్లోయర్ అనే ఇంగ్లండు వైద్యుడు సరిగ్గా నిమిషం పాటు నడిచే గడియారం చేయించి నాడిని లెక్కించాడు. ఆ లెక్క మన పురిటి గదిలోకి రావడానికి చాలా కాలం పట్టింది. పురుడు తీరేదాకా అక్కడ ఉన్నది మంత్రసాని చెయ్యి ఒక్కటే.

1849లో రెండు వేర్వేరు చోట్ల రెండు సంగతులు జరిగాయి. లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ మన గురజాలలో మకాం పెట్టాడు. ఆయన బాల్టిమోర్‌లో వైద్యపట్టా పుచ్చుకుని వచ్చినవాడు. అదే ఏడు రిచీ అనే వైద్యుడు, కాన్పు తర్వాత కొందరు తల్లుల్లో గుండె చతికిలబడిపోవడాన్ని వైద్య పత్రికలో రాశాడు. 1870ల్లో విర్కో, పోరాక్ అనే వైద్యులు ఆ తల్లుల గుండె కండరమే దెబ్బతిన్నట్టు చూశారు. 1937లో అమెరికా వైద్యులు దాన్ని ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించారు. 1971లో డెమాకిస్, రహీంతులా హద్దు గీశారు: నెలలు నిండే చివరి మాసం మొదలు కాన్పయిన అయిదు నెలల దాకా, ముందు గుండెజబ్బేమీ లేని తల్లికి గుండె బలహీనపడితే అది పెరిపార్టమ్ కార్డియోమయోపతీ. ఇటు మన ప్రాంతంలో ఆడవాళ్లకు ఆడ డాక్టరు దొరికింది అన్నా సారా కుగ్లర్ గుంటూరు వచ్చిన 1883 తర్వాతే. ఆమె ఆసుపత్రి 1898లో తెరిచారు. గురజాల నుంచి, కారంపూడి నుంచి ఎద్దుల బండి మీద బాలింతను అంత దూరం తీసుకెళ్లడమంటే మాటలు కాదు.

పథ్యం సంగతి దగ్గర కాస్త ఆగాలి. నైజీరియాలోని జారియా ప్రాంతంలో హౌసా తల్లులు కాన్పయ్యాక నలభై రోజుల పాటు కింద మంట పెట్టిన మట్టి మంచం మీద పడుకునేవారు. కన్వా అనే ఉప్పు కలిపిన జావ తాగేవారు. అక్కడ బాలింతల్లో గుండె ఆగమయ్యే జబ్బు ప్రపంచంలో మరెక్కడా లేనంతగా కనబడటంతో 1970ల్లో వైద్యులు ఆ ఆచారాన్ని శ్రద్ధగా చదివారు. మన ఆచారం దానికి దాదాపు తలకిందులు. పాత బియ్యం, వెల్లుల్లి కారం, కాయం పెడతారు, మంచినీళ్లు మాత్రం గుక్కెడే. కడుపు జారుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని దాహానికి అడ్డం పడతారు. రాష్ట్రంలో ఎండలకు పేరుపడ్డ రెంటచింతల మన పల్నాడులోనే ఉంది. మే నెలలో, తలుపులు బిగించిన గదిలో, చెవుల్లో దూది పెట్టుకుని, పాలిస్తున్న తల్లికి నీళ్లు తగ్గిస్తే నాడి పరిగెత్తక ఏమవుతుంది? అది గుండెజబ్బు కాదు, ఒంట్లో నీరు ఎండిపోవడం. ప్రేమతో చేసే పనే అయినా ఇది మానాలని గట్టిగా చెబుతున్నాను. చాలామంది దడ చెంబెడు నీళ్లతో, నిద్రతో నెమ్మదిస్తుంది.

అన్ని దడలూ అలా తగ్గవు. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్ మిల్లు కార్మిక స్త్రీలలో గర్భిణుల రక్తహీనతను పరిశోధించింది. ఆమె చూపిన దారే తర్వాత ఫోలిక్ యాసిడ్ దాకా వెళ్లింది. మన దేశం ఐరన్ మాత్రల పథకాన్ని 1970లో మొదలుపెట్టింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే. రక్తం పలచబడితే గుండె ఆ లోటును వేగంతో పూడుస్తుంది. కాబట్టి ఎకోకు ముందు హిమోగ్లోబిన్ చూడాలి. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్లజ్వరం వచ్చి కవాటం ఇరుకైనవాళ్ల కథ వేరు. కాన్పు కాగానే గర్భసంచి ముడుచుకుని అర లీటరు దాకా రక్తం గుండె వైపు తోస్తుంది. అప్పటిదాకా పొలం పనికి వెళ్లిన మనిషి ఆ గంటలోనే ఆయాసంతో కూలబడవచ్చు.

ఇక యంత్రాలు. 1900ల మొదట్లో ఐంతోవెన్ ఈసీజీ యంత్రం దాదాపు పాతిక మణుగులు తూగేది. రోగి చేతులు, ఒక కాలు ఉప్పునీళ్ల జాడీల్లో పెట్టి కూర్చునేవాడు. 1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ శబ్దతరంగాలతో గుండెను చూశారు. అదే ఎకోకు ఆది. రోజంతా ఒంటి మీద ఉండి గుండె తాళాన్ని నమోదు చేసే హోల్టర్ 1961 నాటిది. ఈ పరీక్షల్లో చాలావాటి కొలతలు మామూలు మనుషుల మీద కట్టినవి. నెలలు నిండిన పొట్ట గుండెను పైకి నెడుతుంది. అందుకే ఈసీజీ గీతలు కొంత పక్కకు ఒరుగుతాయి, కొన్ని తలకిందులవుతాయి. రక్తం గడ్డకట్టిందా అని చూసే డి-డైమర్ కూడా కాన్పు తర్వాత ఎవరికైనా పెరిగే ఉంటుంది. గులాబీ గళ్ల కాగితం పైభాగాన యంత్రం అచ్చువేసిన 'సైనస్ టాకీకార్డియా' అంటే గుండె తన సొంత తాళంలోనే వేగంగా ఉందని మాత్రమే. కారణం అందులో ఉండదు. రక్తహీనత, జ్వరం, నిద్రలేమి, మనసులో దిగులు, 1948లో న్యూజీలాండ్‌లో రాబర్టన్ మొదట గమనించిన కాన్పు తర్వాతి థైరాయిడ్, అన్నిటికీ కాగితం మీద అదే ముక్క.

పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, రెండు కాళ్లూ పొంగడం, రాత్రిళ్లు దగ్గు, కళ్లు తిరిగి పడిపోవడం, ఒక పిక్క వాచి ఛాతీలో పోటు రావడం, కదలకుండా ఉన్నా నూట ఇరవై దాటిన నాడి. వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకూడదు, 108 పిలవాలి. ఆసుపత్రిలో ఎకో కావాలి. గుండె పంపు చేసే శాతం, ఈఎఫ్, 45 కన్నా తగ్గితే పెరిపార్టమ్ కార్డియోమయోపతీ అనుమానం బలపడుతుంది. 2007లో జర్మనీ పరిశోధకులు పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్ ముక్క ఒకటి గుండె నాళాలను దెబ్బతీస్తుందని చూపాక దాన్ని అణిచే బ్రోమోక్రిప్టిన్ వాడకం మొదలైంది. దాంతో పాలు ఆగిపోతాయి కాబట్టి తల్లితో మాట్లాడి తీసుకోవాల్సిన నిర్ణయం అది. మందులు పడితే చాలామంది గుండె కోలుకుంటుంది.

2018-20 లెక్కల్లో మన రాష్ట్రంలో బతికి పుట్టిన లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు 45. రక్తస్రావం, సూతికాజ్వరం తగ్గేకొద్దీ గుండెజబ్బుల వాటా బయటపడుతుంది. ఇంగ్లండులో అదే జరిగింది. కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త 42వ రోజు దాకా వస్తుంది. ఆమె సంచిలో బిడ్డ ఊపిరి లెక్కపెట్టే చేతి గడియారం ఉంటుంది. అదే గడియారంతో తల్లి మణికట్టు నిమిషం పాటు పట్టుకోమని ఇంట్లోవాళ్లే అడగవచ్చు, అడగాలి.

తొలికాన్పు పుట్టింట్లో జరిగి, మూడో నెలనో అయిదో నెలనో తల్లీబిడ్డా అత్తవారింటికి వెళ్లడం మన రివాజు. డెమాకిస్ గీసిన అయిదు నెలల గడువు సరిగ్గా ఆ ప్రయాణాన్ని చుట్టుకుని ఉంది. గుంటూరులో తీసిన ఎకో కాగితం పుట్టింటి బీరువాలో ఉండిపోతే మాచర్ల డాక్టరు దేనితో పోల్చి చూస్తారు? ఈసీజీ కాగితం ఎండకు, వేడికి గీతలు మాసిపోతుంది కాబట్టి జిరాక్స్ తీయించి, డిశ్చార్జి కాగితంతో కలిపి సారెతో పాటే పంపాలి. ఒకసారి గుండె బలహీనపడి కోలుకున్న అమ్మాయి మళ్లీ నెల తప్పకముందే ఆ కాగితాలు పట్టుకుని గుండె డాక్టరును కలవాలి, రెండో కాన్పులో జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది.