రూబీ, రైల్స్‌లో ఏం మారింది? వెబ్‌సైట్ ఉన్నవాళ్లు, నేర్చుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలు

వెబ్‌సైట్లు, ఆన్‌లైన్ సర్వీసులు తయారుచేసే ప్రోగ్రామింగ్ భాషల్లో రూబీ ఒకటి. జపాన్‌కు చెందిన యుకిహిరో మట్సుమోటో దీన్ని 1995 డిసెంబర్‌లో విడుదల చేశారు. 2004లో డెన్మార్క్‌కు చెందిన డేవిడ్ హైన్‌మైయర్ హాన్సన్ 'రూబీ ఆన్ రైల్స్' ఫ్రేమ్‌వర్క్ తెచ్చాక ప్రపంచమంతా వాడకం పెరిగింది. షాపిఫై, గిట్‌హబ్ రైల్స్ మీదే ఎదిగాయి. చెన్నైలో పుట్టిన ఫ్రెష్‌డెస్క్ కూడా దీంతోనే మొదలైంది. రూబీ పని అయిపోయిందనే మాట చాలా ఏళ్లుగా వినిపిస్తోంది. కానీ 2020 నుంచి జరిగిన మార్పులు చూస్తే అలా అనిపించదు.

వేగం పెరిగింది

రూబీ మీద పాత ఫిర్యాదు ఒక్కటే, స్లో అని. దీన్ని సరిచేసే లక్ష్యంతో 2020 డిసెంబర్ 25న రూబీ 3.0 వచ్చింది. మరుసటి ఏడాది 3.1లో షాపిఫై ఇంజినీర్లు తయారుచేసిన వైజిట్ చేరింది. ప్రోగ్రామ్ నడుస్తుండగానే, మళ్లీ మళ్లీ వాడే భాగాలను ఇది నేరుగా మెషీన్ భాషలోకి మారుస్తుంది. దాంతో అదే సర్వర్ ఎక్కువ పని చేయగలుగుతుంది. 2025 డిసెంబర్ 25న రూబీ 4.0 విడుదలైంది. ఇందులో జెడ్‌జిట్ అనే కొత్త కంపైలర్ ఉంది. అయితే అది ఇంకా ప్రయోగ దశలోనే ఉంది, అసలు వెబ్‌సైట్లలో ఇప్పుడే పెట్టకుండా ఆగమని రూబీ బృందమే సూచించింది.

ఖర్చు తగ్గించే రైల్స్ 8

2024 నవంబర్‌లో వచ్చిన రైల్స్ 8 చిన్న వ్యాపారాలకు బాగా పనికొస్తుంది. ఈమెయిళ్లు పంపడం లాంటి పనులను వెనకాల నడిపించడానికి ఇంతకుముందు చాలామంది రెడిస్‌ను విడిగా నడపాల్సి వచ్చేది. ఇప్పుడు సాలిడ్ క్యూ, సాలిడ్ కేష్, సాలిడ్ కేబుల్ ఉన్న డేటాబేస్‌తోనే ఆ పనులు చేస్తాయి. కమాల్ అనే టూల్‌తో అద్దెకు తీసుకున్న మామూలు సర్వర్‌లో కూడా సైట్ పెట్టుకోవచ్చు. 2022 నవంబర్‌లో హెరోకు తన ఉచిత ప్లాన్లు ఆపేసిన తర్వాత ఇలాంటి దారి అవసరం పెరిగింది. లాగిన్, పాస్‌వర్డ్ కోడ్‌ను కూడా రైల్స్ ఒక్క కమాండ్‌తో తయారుచేసి ఇస్తుంది.

అసలు ప్రమాదం పాత వెర్షన్‌తోనే

ఒక్కో రూబీ వెర్షన్‌కు సుమారు మూడేళ్లే సపోర్ట్ ఉంటుంది. 3.1కి 2025 మార్చితోనే గడువు ముగిసింది. రైల్స్ 7.0కి కూడా 2025 ఏప్రిల్‌లో సెక్యూరిటీ సపోర్ట్ ఆగిపోయింది. ఆ తర్వాత ఏ లోపం బయటపడినా అధికారికంగా సరిచేయరు. సైట్ మాత్రం మామూలుగానే తెరుచుకుంటుంది కాబట్టి షాపు యజమానికి తేడా తెలియదు. లోపల కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రసులు ఉంటాయి. అవి బయటికి పోతే డబ్బుతో పాటు నమ్మకం కూడా పోతుంది.

అందుకే సైట్ చేసినవాళ్లను మూడు ప్రశ్నలు అడగాలి. ఏ రూబీ వెర్షన్? ఏ రైల్స్ వెర్షన్? చివరి బ్యాకప్ ఎప్పుడు తీశారు? పాతదైతే ముందు బ్యాకప్ తీసి, ఒకేసారి దూకకుండా ఒక్కో వెర్షన్ దాటుకుంటూ మార్చాలి.

నేర్చుకోవాలా?

హైదరాబాద్‌లో జావా, పైథాన్ ఉద్యోగాలతో పోలిస్తే రూబీ ఉద్యోగాలు తక్కువే. కాబట్టి దీన్నొక్కటే నమ్ముకోవడం మంచిది కాదు. రూబీ, రైల్స్ రెండూ ఉచితం, రైల్స్ అధికారిక గైడ్లు కూడా ఉచితమే. అమీర్‌పేటలో అయినా, ఆన్‌లైన్‌లో అయినా కోర్సుకు ఫీజు కట్టే ముందు ఏ వెర్షన్ నేర్పుతారో అడగాలి. సిలబస్ రైల్స్ 5 దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ ఫీజు దండగే. హెచ్‌టీఎంఎల్, ఎస్‌క్యూఎల్ మాత్రం గట్టిగా నేర్చుకోవాలి, రేపు ఏ భాషకు మారినా అవి ఉపయోగపడతాయి.