కోల్ విడగొట్టిన 21 అంకెల సంఖ్య

2ను 67 సార్లు వేసి గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే 147573952589676412927 మిగులుతుంది. మొత్తం 21 అంకెలు. చదరంగం గళ్లలో ఒక గింజ, రెండు గింజలు, నాలుగు గింజలు అంటూ రెట్టింపు చేసుకుపోయే పాత లెక్క ఉంది కదా, ఆ 64 గళ్లకు ఇంకో మూడు చేర్చితే అయ్యే గింజలు సరిగ్గా ఇన్నే. ఇది ప్రధాన సంఖ్య అని 1644లో ఒకరు రాశాక, అది నిజమా కాదా అన్నది తేలడానికి 232 ఏళ్లు పట్టింది. కారణాంకాలు చేతికి రావడానికి ఆపైన మరో 27 ఏళ్లు పట్టింది.

ఇలాంటి సంఖ్యల మీద ఆసక్తి యూక్లిడ్ నాటిది. 2 ఘాతంలోంచి ఒకటి తీసేయగా వచ్చినది ప్రధాన సంఖ్య అయితే, దాని నుంచి ఒక పరిపూర్ణ సంఖ్య (తనను మినహాయించి మిగతా భాజకాల మొత్తానికి సమానమైన సంఖ్య) పుడుతుంది; 7 నుంచి 28 పుట్టినట్టు. ఘాతాంకం ప్రధాన సంఖ్య అయితేనే ఆ అవకాశం ఉంటుంది, అయినా అన్నిసార్లూ ఫలించదు. 11 దగ్గరే బెడిసికొడుతుంది: 2047 అంటే 23 × 89. పారిస్‌లోని క్రైస్తవ సన్యాసి మారిన్ మెర్సెన్ 1644లో అచ్చయిన పుస్తకంలో, 257 దాకా పనికొచ్చే ఘాతాంకాలు 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 మాత్రమేనని రాశాడు. ఎలా తేల్చాడో రాయలేదు. అంత పెద్ద భాగహారాలు ఆయన చేసి ఉంటాడని నమ్మడం కష్టం.

31 విషయంలో మెర్సెన్ మాట నిజమేనని 1772లో ఆయిలర్ నిరూపించాడు. 67 జాతకం మార్చింది 1876లో ఫ్రాన్స్‌కు చెందిన ఎడ్వర్డ్ లూకా. ఆయన పద్ధతిలో కారణాంకాల వేట ఉండదు. 1930లో గణితవేత్త డి.హెచ్. లేమర్ చక్కదిద్దిన రూపంలో అది ఇలా నడుస్తుంది: 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి; ఆ శేషంతో మళ్లీ అదే పని. 2 ఏడో ఘాతంలోంచి ఒకటి తీసేయగా వచ్చే 127కు ఈ వరస 4, 14, 67, 42, 111, 0. చివర సున్నా వచ్చింది కాబట్టి 127 ప్రధాన సంఖ్య. సున్నా రాకపోతే కాదు. 67 ఘాతాంకంగా గల సంఖ్య ప్రధాన సంఖ్య కాదని లూకా తేల్చాడు గానీ, దాన్ని ఏది భాగిస్తుందో ఆ పద్ధతి చెప్పదు. ఇంట్లో దొంగ ఉన్నాడని తెలిసింది, ఏ గదిలో ఉన్నాడో తెలియలేదు.

వెతకడానికి ఒక ఆధారం మాత్రం ఫెర్మా కాలం నుంచే ఉంది. ఈ సంఖ్య ప్రధాన కారణాంకం దేన్నైనా 134తో, అంటే 67కు రెట్టింపుతో, భాగిస్తే 1 మిగలాలి. (2047 విషయంలో 22తో భాగించాలి, 23కూ 89కీ 1 మిగులుతుంది.) అయినా చిన్న కారణాంకం 134కు 14,45,580 రెట్ల మీద ఒకటి. వరసగా భాగించుకుంటూ పోతే ఎవరి ఓపికా సరిపోదు. అమెరికా గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ వర్గశేషాల (వర్గ సంఖ్యలను భాగిస్తే మిగిలే శేషాల) సాయంతో వీలుకాని సంఖ్యలను ఏరిపారేసి జవాబు పట్టుకున్నాడు.

1903 అక్టోబర్ 31న న్యూయార్క్‌లో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ సమావేశంలో ఆయన దాన్ని బయటపెట్టాడు: 193707721 × 761838257287. కోల్ నోరు విప్పకుండా బోర్డు మీద లెక్క చేసి కూర్చున్నాడనీ, సభ చప్పట్లు కొట్టిందనీ, ఇందుకు మూడేళ్ల ఆదివారాలు ఖర్చయ్యాయనీ ప్రచారంలోకి తెచ్చినవాడు గణితవేత్త, రచయిత ఇ.టి. బెల్. కథను రక్తి కట్టించడంలో బెల్ దిట్ట. కొంత తగ్గించుకుని వినడం మంచిది. గుణకారం మాత్రం ఎవరైనా చేసి చూసుకోవచ్చు. చిన్న సంఖ్యతో గుణిస్తే ఒక సున్నా పోను ఎనిమిది వరసలు పడతాయి. 7 మూడుసార్లు ఉంది కాబట్టి ఒకే వరసను మూడుచోట్ల దించుకోవచ్చు. అంకెల మొత్తాలు 37, 64, లబ్ధానికి 109. మూడింటినీ 9తో భాగిస్తే మిగిలేది 1.

మెర్సెన్ పట్టికలో 257 కూడా తప్పే. ఆయన వదిలేసిన 61, 89, 107 ఒప్పు. 78 అంకెలున్న ఆ 257వ ఘాత సంఖ్య కూడా ప్రధాన సంఖ్య కాదని ముందే తేలింది; దాని మూడు ప్రధాన కారణాంకాలు కంప్యూటర్లు వచ్చాకే దొరికాయి. వాటిలో చిన్నదానికే 15 అంకెలు.