పీఎఫ్ పేజీలో మానేసిన తేదీ ఖాళీగా ఉందా? తప్పు ఎక్కడుందో ముందు చూసుకోండి

యూఏఎన్‌తో లాగిన్ అయి సర్వీస్ హిస్టరీ తెరిచారు. మీ పేరు సరిగ్గా ఉంది, పాత కంపెనీ పేరు ఉంది, చేరిన తేదీ కూడా ఉంది. మానేసిన తేదీ దగ్గర మాత్రం ఖాళీ. ఆ ఖాళీ వల్ల పాత పీఎఫ్ బదిలీ ఆగిపోవచ్చు.

అన్నీ సరిగ్గా ఉండి ఇదొక్కటే ఎందుకు లేదు? తెర మీద కలిసి కనిపించినా అవి ఒకే పద్దులోని వివరాలు కావు. 2014లో వచ్చిన 12 అంకెల యూఏఎన్ మనిషికి ఒకటే. ఉద్యోగం మారితే మాత్రం కొత్త మెంబర్ ఐడీ వస్తుంది. పేరు, పుట్టిన తేదీ, ఆధార్ యూఏఎన్‌కు చెందినవి. చేరిన, మానేసిన తేదీలు, నెలనెలా జమలు మెంబర్ ఐడీకి చెందినవి.

వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లకు ఇది రోజువారీ పనే. జాంగో లాంటి ఫ్రేమ్‌వర్క్‌లో ఒక్కో రకం వివరాలకు ఒక్కో మోడల్, అంటే ఒక్కో పట్టిక ఉంటుంది. ఈ ఉద్యోగం ఏ వ్యక్తిది అని చెప్పే లంకెను ఫారిన్ కీ అంటారు. మీరు పేజీ తెరిచినప్పుడు ఆ లంకె పట్టుకుని పేరు ఒకచోటి నుంచి, తేదీ మరోచోటి నుంచి తెచ్చి ఒకే వరుసలో చూపిస్తారు. దీనివల్ల పేరు ఒకచోట దిద్దితే అన్ని ఉద్యోగాల పక్కనా మారుతుంది. (ఈ కలపడం సరిగ్గా రాయకపోతే వరుసకోసారి డేటాబేస్‌ను అడుగుతూ పేజీ నత్తనడక నడుస్తుంది. అది మన చేతిలో లేదులెండి.)

కాబట్టి మానేసిన తేదీ కోసం ఆధార్ వివరాలు ఎంత దిద్దినా లాభం లేదు. దాన్ని పాత కంపెనీ నమోదు చేయాలి. చేయకపోతే, మానేసి రెండు నెలలు దాటాక 'మేనేజ్'లోని 'మార్క్ ఎగ్జిట్'లో ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. చివరి జమ పడిన నెలలోని తేదీనే వేయాలి. ఒకసారి వేశాక అక్కడే మళ్లీ మార్చే వీలుండదు, రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకుని కూర్చోండి.

ఇంకొకటి. రెండు ఐడీలు ఒకే యూఏఎన్ కింద కనిపిస్తే డబ్బు కలిసిపోయినట్టు కాదు. పాస్‌బుక్‌లో పాత ఐడీ ఎంచుకుని చూడండి. బ్యాలెన్స్ అక్కడే ఉంటే 'ఆన్‌లైన్ సర్వీసెస్'లో ట్రాన్స్‌ఫర్ రిక్వెస్ట్ పెట్టాలి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా పీఎఫ్ తీస్తే పన్ను పడొచ్చు. పాత ఖాతా బదిలీ అయి ఉంటే ఆ ఉద్యోగం చేసిన కాలం కూడా ఈ ఐదేళ్లలోకి వస్తుంది.